పది గింజల భూత్ జొలోకియా ప్యాకెట్: మొలిచినవన్నీ భూతాలేనా?

నమస్కారం. విపరీతమైన కారం ఉండే భూత్ జొలోకియా మిరప గింజల ప్యాకెట్ ఇది, గుర్తుందా? జూన్‌లో వీడియోలో మీ ముందే కత్తిరించాను. పైన ఎర్రగా, గరుకుగా, ముడతలు పడిన కాయ బొమ్మ. లోపల 10 గింజలు. ధర 199 రూపాయలు, అంటే గింజకు 20 రూపాయలు. ఆ రోజు మా అత్తయ్య, "ఎండుమిర్చి డబ్బా అడుగున గుప్పెడు గింజలు రాలి ఉండగా కొనడం ఎందుకమ్మా?" అన్నారు. ఆవిడ మాట తీసేయలేక, పచ్చడి కోసం తెచ్చిన గుంటూరు సన్నం ఎండుమిర్చి నుంచి 20 గింజలు పక్క ట్రేలో వేశాను. ఇక్కడే నా పరువు పోయింది.

రెండు ట్రేలకూ ఒకటే మర్యాద. సగం కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, సగం వర్మీకంపోస్టు. గింజల్ని రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, అర సెంటీమీటరు లోతున వేశాను. తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. నిలిస్తే నారుకుళ్లు వస్తుంది. రాత్రి నిటారుగా ఉన్న మొలక తెల్లారేసరికి మొదట్లో దారంలా సన్నబడి పడిపోతుంది. నావి రెండు అలాగే పోయాయి.

అత్తయ్య గింజలు 8వ రోజున తలెత్తాయి, 20లో 17. మరునాడే ప్యాకెట్ గింజలు కూడా మూడు మొలిచాయి. ఎంత సంబరపడ్డానో! నిజానికి అప్పుడే అనుమానం రావాలి. మన సన్నం, తేజ రకాలు క్యాప్సికం యాన్యువమ్ జాతివి. వారం పది రోజుల్లో మొలుస్తాయి. భూత్ జొలోకియాది ప్రధానంగా క్యాప్సికం చైనెన్స్ రక్తం. ఆ గింజకు బద్ధకం ఎక్కువ. మట్టి 27 నుంచి 30 డిగ్రీల వెచ్చగా ఉన్నా రెండు వారాల నుంచి నెల వరకు కదలదు. ట్రే ఎత్తి పారబోద్దామని వెళ్లిన రోజున, 24వ రోజున, నాలుగో మొలక కనిపించింది. వంగిపోయి, ఇంకా గింజ తొడుగు నెత్తిన పెట్టుకుని.

ఇప్పుడు కెమెరా దగ్గరకు తెస్తాను, చూడండి. ఇది ముందుగా మొలిచిన మూడింటిలో ఒకటి. ఆకు సన్నగా, నునుపుగా ఉంది. కొమ్మ చీలే చోట ఒకే పువ్వు, తెల్లగా. ఇక ఇది, ఆలస్యంగా వచ్చింది. ఆకు వెడల్పు, పైన గుంటలు గుంటలుగా ముడతలు. ఒక్క కణుపు దగ్గరే రెండు మూడు పువ్వులు తల వంచుకుని ఉన్నాయి, తెలుపులో కొంచెం ఆకుపచ్చ కలిసింది. కాయ రాకముందే తేడా తెలిసిపోతుంది. ఆ మూడింటికీ చివరకు కాసినవి మామూలు పొడుగు మిరపకాయలు. అమ్మినవారికి ఫోటోలు పంపాను. ఇప్పటికీ జవాబు లేదు.

మధ్యలో ఆకుముడత కూడా వచ్చింది. ఆకు పైకి దొప్పలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. మా మిద్దె మీద వచ్చింది పై ముడత. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టాను. వారానికి ఒకసారి చొప్పున మూడుసార్లు కొట్టాక కొత్త చిగుళ్లు చక్కగా వచ్చాయి.

సరే, అసలు కాయ. చేతికి గ్లౌజులు తప్పనిసరి. కోస్తున్నాను... గింజల్ని పట్టుకుని ఉన్న ఈ లేత పసుపు పొర చూడండి, నూనె రాసినట్టు మెరుస్తోంది. కారం పుట్టేది ఇందులో. గింజలో కారం పుట్టదు, పొరకు ఆనుకుని ఉండడం వల్ల అంటుకుంటుంది, అంతే. గుంటూరు సన్నం కారం 35 నుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లు ఉంటుంది, స్కోవిల్ అంటే కారాన్ని కొలిచే కొలత. భూత్ జొలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్ రికార్డుకెక్కింది. వాసన మాత్రం పండిన పండులా, ఎంతో బాగుంటుంది. ఆ వాసనకే మోసపోతాం! ఆరు పచ్చిమిర్చి వేసే దోసకాయ పచ్చడిలో దీని పావు ముక్క వేశాను. మా వారు మొదటి ముద్దకే నీళ్ల చెంబు ఎత్తారు. ఈ కారం నీళ్లలో కరగదు, పెరుగు తినండి అంటే వినరే!

నా తీర్పు. ప్యాకెట్‌కు 10కి 2 మార్కులు, అవి కూడా ఆ ఒక్క మొక్క ముఖం చూసి. మొదటిసారి మిరప వేసేవారు డబ్బా అడుగు గింజలతో మొదలుపెట్టండి. ఒక్క మాట, అవి హైబ్రిడ్ కాయలవైతే మొక్కలన్నీ తల్లిలా ఉండవు. భూతం కావాలంటే ఒక్క మొక్క చాలు. ఇది ఇప్పటికి 31 కాయలు ఇచ్చింది, మేము వాడింది రెండు.

వచ్చే ఏటికి గింజ కొనను. తేనెటీగలు పక్కనున్న సన్నం పుప్పొడి తెచ్చి కలపకుండా, రెండు కొమ్మలకు మొగ్గలు విచ్చకముందే పేరంటంలో ఇచ్చిన వల సంచులు కట్టాను. ఇదిగో, గులాబీ రంగు సంచి. లోపల మూడు కాయలున్నాయి, ఇంకా పచ్చిగానే.