రోజూ సాయంత్రం బూట్లు వేసుకుని కూర్చుంటున్నాడు

యాంకర్: నమస్కారం. స్టూడియోలో సైకాలజిస్ట్ మేడమ్ ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

తల్లి: నమస్కారమండీ. మా అబ్బాయి గురించి. 19 ఏళ్ళు. మేధో వైకల్యం ఉంది, మాటలు తక్కువ. స్పెషల్ స్కూల్లో చదువు చెప్పిన సారే వాడికి పరుగూ నేర్పారు. ఆయన పోయి నెల దాటిందండీ. మేం చెప్పలేదు. ఊరెళ్ళారన్నాం. ఇప్పుడు రోజూ అయిదయ్యేసరికి బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చుంటున్నాడు. చీకటి పడినా లేవడు.

సైకాలజిస్ట్: ఆ బూట్ల లేసులు ఎవరు కడతారమ్మా?

తల్లి: వాడేనండీ. అదీ సార్ నేర్పిందే. ముడంతా ఆయన వేసి, చివర్లో లాగి బిగించడం మాత్రం వీడికి వదిలేవారు. అది వచ్చాక దాని ముందరిది. అలా వెనక నుంచి ముందుకి. నాలుగు నెలలు పట్టింది. నేనైతే వారానికే విసుక్కుని లేసుల్లేని బూట్లు కొనేదాన్ని.

సైకాలజిస్ట్: దాన్ని బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటాం. పని పూర్తిచేసింది తనేనన్న ఆనందం పిల్లాడికి మొదటిరోజే దక్కుతుంది. ఎంత ఓపికగల మనిషో నాకు ఆ ఒక్క మాటతో తెలిసిపోయిందమ్మా. అంత నేర్చుకున్న పిల్లాడికి నిజం తెలుసుకునే శక్తీ ఉంటుంది. ఊరెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు కదా, అందుకే ఎదురుచూస్తున్నాడు. ఆ తప్పు వాడిది కాదు.

తల్లి: ఎలా చెప్పమంటారు?

సైకాలజిస్ట్: సార్ ఫొటో చేతిలో పెట్టి, "సార్ చనిపోయారు" అనండి. నిద్రపోయారు, దేవుడి దగ్గరికెళ్ళారు అనొద్దు. ఇలాంటి పిల్లలు మాటని మాటగానే తీసుకుంటారు, రేపు నిద్రంటేనే భయపడొచ్చు. "సార్ శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక రారు. నువ్వేం చేయడం వల్లా ఇలా జరగలేదు." ఇంతే. మళ్ళీ అడుగుతాడు, పదిసార్లు అడుగుతాడు. ప్రతిసారీ ఇవే మాటలు చెప్పండి. మీకు ఏడుపొస్తే ఏడవండి, దాచకండి. "ఊరెళ్ళారని తప్పు చెప్పాం" అని కూడా ఒప్పుకోండి. తిండీ నిద్రా బాగా తగ్గితే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

తల్లి: మరి గ్రౌండ్‌కి?

సైకాలజిస్ట్: పరుగెత్తేటప్పుడు సార్ ఎక్కడుండేవారు?

తల్లి: మొదట్లో వీపు మీద చెయ్యేసి పక్కనే పరుగెత్తేవారు. తర్వాత ఒక వేలే ఆనించేవారు. ఆ తర్వాత మాటలతోనే. చివరికి ఫినిష్ లైన్ దగ్గర చేతులు చాపుకుని నిలబడేవారు.

సైకాలజిస్ట్: సాయం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారన్నమాట. ఇప్పుడు అక్కడ కొత్త కోచ్‌ని ఒక్కసారిగా నిలబెట్టొద్దమ్మా. ముందు మీరు నిలబడండి. కోచ్ మీ పక్కన ఉంటారు. కొన్నాళ్ళకి మీరు ఒక అడుగు వెనక్కి వేయండి. బూట్లు వేసుకోవడం మాత్రం ఆపించకండి, అయిదింటికి గ్రౌండ్‌కి తీసుకెళ్ళండి.

యాంకర్: ధన్యవాదాలమ్మా. ఇంకో కాల్.

టీచర్: నమస్కారం మేడమ్. ఇప్పుడు మాట్లాడినావిడ చెప్పిన సార్... ఆయన మా సారేనండీ. అదే స్కూల్లో పనిచేస్తున్నాను. శనివారం సంతాప సభలో నేను మాట్లాడాలి. త్యాగమూర్తి, దేవుడులాంటి మనిషి అని రాసుకున్నాను. కానీ అందులో సార్ కనపడట్లేదు.

సైకాలజిస్ట్: కొట్టేయండమ్మా. త్యాగం అంటే పిల్లలు భారమని మనమే చెప్పినట్టు. అది ఎదురుగా కూర్చున్న ఆ పిల్లలే వింటారు. ఆయనకి కోపం తెప్పించేది ఏంటో చెప్పండి.

టీచర్: పోటీల్లో జాలితో చప్పట్లు కొట్టడం. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టే స్పెషల్ ఒలింపిక్స్ పోటీల పద్ధతి పట్టుబట్టి పాటించేవారు. ముందే పరుగెత్తించి, టైమింగ్ దగ్గరగా ఉన్నవాళ్ళనే ఒక గ్రూపులో వేస్తారు కదా, గెలుపు నిజమైన గెలుపయ్యేలా. ఎవరైనా పిల్లాడి మీద జాలిపడి పతకం ఇవ్వబోతే, "వాడికి తెలుస్తుందండీ" అని ఆపేసేవారు.

సైకాలజిస్ట్: అదే మాట్లాడండి. 1968 జూలై 20న చికాగో సోల్జర్ ఫీల్డ్‌లో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ పెట్టినప్పుడు వాటిని స్థాపించిన యూనిస్ కెనెడీ ష్రైవర్ పలికిన ప్రమాణం ఉంది: "నన్ను గెలవనివ్వండి. గెలవలేకపోతే, ఆ ప్రయత్నంలో ధైర్యంగా ఉండనివ్వండి." సభలో దాన్ని మీరు చదవొద్దు. పిల్లల్లో ఒకరి చేత చెప్పించండి. ఎంతసేపు పట్టినా ఆగండి. మాటలు రానివాళ్ళని సార్ విజిల్ ఊదనివ్వండి.

టీచర్: మేడమ్, ఆయన నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. ఆవిడ మాట్లాడుతుంటే వాళ్ళబ్బాయి పేజీ తీశాను. ఆవిడ వింటుంటారు కదా, చదవొచ్చా?

యాంకర్: చదవండమ్మా.

టీచర్: "సోమవారం. వేలు తీశాను. ఆగిపోయాడు. మంగళవారం. వేలు తీశాను. వెనక్కి చూశాడు, మళ్ళీ కదిలాడు. శుక్రవారం. వెనక్కి చూడలేదు."