సిరంజిలో ఉన్నదేమిటి?

శ్రోతలకు నమస్కారం. "మీ కొవ్వుతోనే మీ ముఖానికి యవ్వనం, స్టెమ్‌సెల్ చికిత్స" అన్న బోర్డు మన విశాఖలో సిరిపురంలోనో ద్వారకానగర్‌లోనో కనబడి లోపలికి వెళ్తే, ముందు రేటు అడక్కండి. సిరంజిలోకి ఎక్కించేదేమిటో అడగండి.

కొవ్వులో మూలకణాలు, అంటే వేరే రకాల కణాలుగా మారగల స్టెమ్‌సెల్స్, ఉన్న మాట నిజమే. 2001లో అమెరికా పరిశోధకులు ఆ సంగతి ప్రకటించారు. అయితే పాలలో వెన్న ఉన్నట్టే అవీ ఉన్నాయి, చిలకందే రావు. కొవ్వులో కొలాజినేజ్ అనే ఎంజైమ్ కలిపి, 37 డిగ్రీల వేడిలో అరగంట నుంచి గంట కదుపుతూ ఉంచి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పితే అడుగున కాస్త మడ్డి దిగుతుంది. అందులోనూ మూలకణాలు కొద్ది భాగమే, మిగతావి రక్తకణాలూ, రక్తనాళాల కణాలూ.

చాలాచోట్ల చేసేది ఇది కాదు, నానోఫ్యాట్. పొట్టలోకో తొడలోకో సెలైన్, మొద్దుబార్చే లిడొకెయిన్, రక్తస్రావం తగ్గించే అడ్రినలిన్ కలిపిన ద్రవం ఎక్కించి, సన్నటి గొట్టంతో కొవ్వు లాగుతారు. కడిగాక, రెండు 10 మి.లీ. సిరంజిలను ఎదురెదురుగా బిగించి 30 సార్లు అటూ ఇటూ తోస్తారు. పచ్చటి ముద్ద మజ్జిగలా పల్చబడుతుంది. దాన్ని వడకట్టి సన్నసూదితో ఇస్తారు. ఆ తోపుళ్లకు కొవ్వుకణాలు చితికిపోతాయి కనక పీక్కుపోయిన బుగ్గ దీనితో నిండదు. మొటిమల గుంటలు, సన్నగీతలు కొంత మెరుగుపడొచ్చు, అదీ కొన్ని నెలలకు. మంగుకూ బొల్లికీ ఇదే మందంటే మాత్రం నమ్మకండి.

భయపడాల్సింది కనుబొమల మధ్య, ముక్కు పక్కన. అక్కడ కొవ్వు రక్తనాళంలోకి పోయి, ఒత్తిడికి వెనక్కి నడిచి కంటి ధమనిని మూస్తే చూపు పోతుంది. ముఖం నింపడానికి వాడే జెల్ లాంటి హైలురానిక్ ఫిల్లర్‌నైతే ఎంజైమ్‌తో కరిగించొచ్చు. కొవ్వును కరిగించేది లేదు. అందుకే లోతుగా ఇచ్చేటప్పుడు మొద్దుమొన గొట్టం వాడి, వెనక్కి లాగుతూ చుక్కచుక్కగా వదలాలి. చూపు మసకబారినా, చర్మం పాలిపోయినా ఆ నిమిషంలోనే చెప్పండి. ఆస్పిరిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా మానెయ్యకూడదు.

మన దేశంలో 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం చర్మానికీ, వయసు తగ్గించడానికీ మూలకణాలు ఇంకా పరిశోధన దశలోనివే. ట్రయల్‌గానే ఇవ్వాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మన దేశంలో ట్రయల్స్‌ను నమోదుచేసే సీటీఆర్‌ఐ రిజిస్ట్రీలో వాళ్ల నమోదు నంబరు అడగండి. నంబరు చెప్పకుండా బిల్లు చేతిలో పెడితే, అడ్వాన్సు కట్టకుండా లేచి వచ్చెయ్యండి.