కార్డు మారినా కదలని వేళ్లు

నమస్కారం. ఒక కార్డు తర్వాత ఇంకో కార్డు ఎందుకు హాయిగా కుదురుతుంది? ఈరోజు మన ప్రశ్న ఇదే. కార్డు అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుంపు. ముందు గిటార్ మీద నాలుగు కార్డులు వాయిస్తాను. జీ, ఈ మైనర్ సెవెన్, సీ యాడ్ నైన్, డీ సస్ ఫోర్. హాయిగానే ఉన్నాయి కదా? మళ్లీ వాయిస్తాను. ఈసారి వినడం పక్కన పెట్టి నా ఎడమ చెయ్యి చూడండి. ఉంగరం వేలు, చిటికెన వేలు సన్న తీగలు రెండింటి మీద మూడో ఫ్రెట్‌లో, అంటే గిటార్ మెడ మీద మూడో గడిలో, పాతుకుపోయాయి. తిరిగేది మిగతా రెండు వేళ్లే. అంటే నాలుగు కార్డుల్లోనూ పైన డీ, జీ స్వరాలు మోగుతూనే ఉన్నాయి. కొత్తలో నేను దీన్ని బద్ధకస్తుల కిటుకనుకున్నాను. కానీ మనం వెతికే జవాబులో సగం ఇక్కడే ఉంది.

సీని షడ్జమం, అంటే స అనుకోండి. గమకాల సంగతి వదిలేస్తే, సీ మేజర్ స్కేలు మన శంకరాభరణం రాగం స్వరాలే. సీ కార్డు అంటే స, గ, ప. దాని తర్వాత ఏ మైనర్: ద, స, గ. ఏం మారింది? ప ఒక్కటి ద అయింది. తర్వాత ఎఫ్: మ, ద, స. ఇక్కడ గ ఒక్కటి మ అయింది. ఇంట్లో ముగ్గురుంటే ఒక్కరు లేచి పక్క కుర్చీలో కూర్చున్నట్టు. చెవికి పాత మొహాలు కనిపిస్తూనే కొత్తదనం అందుతుంది. ఆ తర్వాత జీ వస్తుంది: ప, ని, రి. ఎఫ్‌లోని ఒక్క స్వరమూ ఇందులో లేదు, ముగ్గురూ లేచిపోయారు. వినండి, ఆ కుదుపు తెలుస్తోందా? 1950లలో అమెరికాలో గొంతులు కలిపి గుంపుగా పాడే డూ-వాప్ పాటలు ఈ నాలుగు కార్డుల మీదే కుప్పలుగా వచ్చాయి. నా లెక్కలో వాటి ప్రాణం ఈ కుదుపులోనే ఉంది.

కుదుపు తర్వాత మళ్లీ సీకి ఎందుకు రావాలనిపిస్తుంది? సరళీ వరసలు పాడినవాళ్లు స రి గ మ ప ద ని అని పాడి ఆపేయండి. గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. వాటిని నేర్పేది మాయామాళవగౌళ రాగంలో అయినా, అక్కడా ని అంటే కాకలి నిషాదమే, పై షడ్జానికి అర మెట్టు దూరంలో, అంటే గిటార్ మీద ఒక్క ఫ్రెట్ దూరంలో. జీ కార్డులో ఉన్నది ఆ నిషాదమే. దానికి మధ్యమం, అంటే మ కలిపితే జీ సెవెన్ అవుతుంది. ని, మ ఒకదానితో ఒకటి పడవు. ని అర మెట్టు ఎక్కి స అవుతుంది, మ అర మెట్టు దిగి గ అవుతుంది. రెండూ ఒకేసారి ఇల్లు చేరతాయి, టెన్షన్ తీరుతుంది.

ఇదంతా తీగ కంపనాల లెక్కేనని కొందరు అంటారు. సగమే నిజం. గిటార్‌లో ఐదో తీగను వట్టిగా మీటితే సెకనుకు 110 కంపనాలు, అది ‘ఏ’ అనే స్వరం. వాటితో పాటే 220, 330, 440, 550 కూడా సన్నగా పలుకుతాయి. 330 అంటే ‘ఈ’ అనే స్వరం, 550 దాదాపు సీ షార్ప్. ‘ఏ’ మేజర్ కార్డు మొత్తం ఒక్క తీగలోనే ఉందన్నమాట. తంబూరాలో ఎవరూ మీటని గాంధారం, అంటే గ వినిపిస్తుందంటారే, ఇదీ అంతే. కానీ ఇది ఒక కార్డు ఎందుకు కుదురుగా ఉందో చెబుతుంది తప్ప, దాని తర్వాత ఏది రావాలో చెప్పదు.

అలాగని నేను చెప్పిన అర మెట్ల సూత్రాన్ని కూడా పూర్తిగా నమ్మేయకండి. బ్లూస్ అనే అమెరికన్ పాటల శైలి వినండి. ఏ సెవెన్, డీ సెవెన్, ఈ సెవెన్. మూడింట్లోనూ ని, మ లాంటి పడని జంట ఉంది, అయినా ఇల్లు చేరాలన్న తొందర దేనికీ లేదు. ఏ సెవెనే ఇల్లు. బ్లూస్‌లో ఒక చుట్టుకు పన్నెండు బార్లు, అంటే పన్నెండు సమానమైన తాళ భాగాలు; వాటిలో తొమ్మిదోది ఈ సెవెన్, పదోది డీ సెవెన్. నా సూత్రం ప్రకారం ఈ సెవెన్ నుంచి నేరుగా ఏకి వెళ్లాలి. అది మాత్రం తాపీగా డీ వైపు దిగుతుంది, ఆ తర్వాతే ఏకి వస్తుంది. ఆ అలవాటు చెవికి వినగా వినగా వచ్చిందే. ఇప్పుడు ఆ పన్నెండు బార్లూ వాయిస్తాను, పదోదాని దగ్గర చెయ్యెత్తండి.