అడ్రస్ చేతిలో పెడితే సరిపోదు, మనిషిని కలపండి

ఏఏ మీద మళ్ళీ అదే గొడవ. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే సంఘం. అది ప్రాణం పోసిందని ఒకళ్ళు, ఉత్త భజన అని ఇంకొకళ్ళు. నా కోపం ఆ గొడవ మీద కాదు. "వెళ్ళాను, నాకు పడలేదు" అన్నవాళ్ళని మూడే ప్రశ్నలు అడగండి. ఎన్ని మీటింగులకి వెళ్ళారు? ఒకటి. ఎవరితో మాట్లాడారు? ఎవరితోనూ లేదు. ఎవరి నంబరైనా తీసుకున్నారా? లేదు. మరి ఏది పడలేదంటున్నారు?

ఇవాళ నేను చెప్పేది ఒక్కటే, పదిసార్లు చెప్తా. మీటింగ్ దొరకడమంటే మనిషి దొరకడం. అడ్రస్ కాదు!

రుజువు కావాలా? 1981లో సిస్సన్, మల్లమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 20 మందితో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి మీటింగ్ ఎక్కడో, ఎన్నింటికో చెప్పి, వెళ్ళమని గట్టిగా చెప్పారు. మిగతా సగానికి కౌన్సెలర్ అక్కడికక్కడే ఒక ఏఏ సభ్యుడికి ఫోన్ కలిపాడు, ఆ సభ్యుడు దగ్గరుండి తీసుకెళ్తానన్నాడు. అడ్రస్ ఇచ్చిన పదిమందిలో ఎంతమంది వెళ్ళారు? సున్నా. ఫోన్ కలిపిన పదిమందిలో? పదికి పది. చిన్న ప్రయోగమే, ఒప్పుకుంటా. కానీ సున్నాకీ పదికీ మధ్య ఉన్నది ఒక్క ఫోన్ కాల్, చూడండి!

అసలు ఏఏ పుట్టిందే ఫోన్ కాల్‌తో. 1935 మే నెల, అమెరికాలోని ఆక్రన్ ఊరు. తాగుడు మానిన బిల్ విల్సన్‌కి హోటల్ లాబీలో బార్ కనిపించి మనసు లాగేసింది. బార్ వైపు పోకుండా ఫోన్ అందుకున్నాడు, నాతో మాట్లాడే ఇంకో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని. అలా దొరికినవాడే డాక్టర్ బాబ్, ఆ ఇద్దరే ఏఏని మొదలెట్టారు. పావుగంట కూర్చుందామనుకున్నవాళ్ళు గంటల తరబడి మాట్లాడుకున్నారు.

సరే, ఇప్పుడు మీరేం చేయాలి? ఏఏ వెబ్‌సైట్లోనో మీటింగ్ గైడ్ యాప్‌లోనో లిస్టు చూడండి. అక్కడే ఆగిపోకండి, ఎందుకంటే లిస్టులు పాతబడతాయి. గ్రూపు గది మారిపోయి ఉంటుంది, లేదా ప్రవేశం వెనక గుమ్మం నుంచి ఉంటుంది. మూసిన తలుపు చూసి ఇంటికెళ్ళిన మనిషి మళ్ళీ రాడు. అందుకే ముందు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి రెండు మాటలు అడగండి: "ఈ వారం ఈ మీటింగ్ ఉందా? నాకంటే ముందు వచ్చి గుమ్మం దగ్గర కలిసేవాళ్ళు ఎవరైనా ఉంటారా?" రెండోది అడగడానికి మొహమాటపడకండి, అసలు పని అదే. ఓపెన్ మీటింగ్ అంటే ఎవరైనా రావచ్చు, ఇంట్లోవాళ్ళని తోడు తెచ్చుకోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళకే. ఆ కోరిక ఒక్కటి చాలు, ఫీజు లేదు. చందా బుట్ట తిరిగినా కొత్తవాళ్ళు ఏమీ వేయక్కర్లేదు.

పావుగంట ముందు చేరండి. "ఇది నా మొదటి మీటింగ్" అనండి. మీ వంతు వస్తే "ఇవాళ వింటాను" అనండి, ఎవరూ బలవంతపెట్టరు.

ఇప్పుడు చాలామంది మనసు విరిగే చోటు చెప్తా. మీరు గుండె గట్టి చేసుకుని నాలుగు మాటలు చెప్పారు. గది మొత్తం "థాంక్స్" అంది, పక్కనున్నాయన తన కథ మొదలెట్టాడు. మీ మాటకి ఎవరూ బదులివ్వలేదు! నన్నెవరూ పట్టించుకోలేదు అనిపిస్తుంది. కాదండీ, చాలా గ్రూపుల్లో అది పద్ధతి. ఒకళ్ళు చెప్పినదానికి ఇంకొకళ్ళు సలహాలివ్వకూడదు. ఆ బదులు మీటింగ్ అయ్యాక, కుర్చీలు సర్దేటప్పుడు వస్తుంది. మీరేమో ఆ లోపే చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. ఇంకో పావుగంట ఆగండి. కుర్చీలు మడవడానికి చేయి వేయండి, పక్కవాళ్ళతో మాట కలుస్తుంది. ఇద్దరి నంబర్లు తీసుకోకుండా కదలకండి. ఆడవాళ్ళు ఆడవాళ్ళ నంబరే తీసుకోవడం మేలు. ఎవరైనా హద్దు దాటితే ఆ గ్రూపు వదిలేయండి, మీటింగులు వదలకండి.

ఆన్‌లైన్‌లోనూ ఇదే. కెమెరా ఆపేసి, చివరి మాట కాగానే బయటికి వచ్చేస్తే ఎవరికీ మీరు తెలియరు. పేరు పక్కన "కొత్త" అని రాసుకుని చివరిదాకా ఉండండి.

ఏఏలో వచ్చే దేవుడి ప్రస్తావన గిట్టదంటారా? దేవుణ్ణి పక్కన పెట్టిన ఏఏ గ్రూపులున్నాయి, ఏఏకి వేరుగా 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే సంస్థ మీటింగులూ ఉన్నాయి. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి 1951 నుంచీ అల్‌-అనాన్ అనే సంఘం ఉంది. ఏదైనా ఒకటి చూసి తీర్పు చెప్పకండి, ఆరు వేర్వేరు గ్రూపులు చూడండి.

ఇది మాత్రం చెవిన పెట్టండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడకుండా ఒక్కసారిగా ఆపకండి. ఆపిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి చెదిరి ప్రాణం మీదికి రావచ్చు. మీటింగ్ దానికి మందు కాదు.

తెచ్చుకున్న నంబర్‌కి మర్నాడు ఉదయమే, ఏ ఇబ్బందీ లేనప్పుడే ఫోన్ చేయండి. "నిన్న కలిశాం" అంటే చాలు. తాగాలనిపించిన రాత్రి ఆ నంబర్‌కి అదే మొదటి కాల్ అయితే వేలు నొక్కదు. రెండోదైతే నొక్కుతుంది.