తీరం గీత కదులుతుంది, కొలిచి చూద్దాం

భూగోళ శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు, చదువుకునే విద్యార్థులకు నమస్కారం.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుందనీ, వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుందనీ డెల్టాలో ప్రతి పిల్లవాడూ పటం వేసి చూపిస్తాడు. ఆ పటంలో తీరం మాత్రం ఎన్నాళ్లయినా ఒక్కచోటే ఉంటుంది. ఉప్పాడలో ఇళ్లూ రోడ్డూ కోతకు పోతుంటే, కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ ఇసుక మేట వేసి పుట్టింది. ఈ కదలికను పిల్లలే కొలిచేలా చేయడం ఇప్పుడు మన పాఠం కావాలి.

కోనసీమ ఉపగ్రహ చిత్రం తెరిస్తే తీరానికి సమాంతరంగా చారలు కనిపిస్తాయి. మెరక చారల మీద ఊళ్లు, కొబ్బరితోటలు. వాటి మధ్య పల్లాల్లో వరి. ఒక్కో మెరకా ఒకనాటి సముద్రపు ఒడ్డే. భూస్వరూపాలు ఒక పాఠం, జనావాసాలు వేరే పాఠం అని విడదీసి చెప్పేది ఇక్కడ నిలవదు.

ఇక కొలత. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) నేల మీద 10 మీటర్లు. పటాలు గీసి కొలిచే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. 2016, 2024 జనవరి నెలల నుంచి మబ్బులేని చిత్రం ఒక్కోటి తీసుకోండి. ఒక్కో రంగు కాంతిని విడిగా నమోదు చేసే పట్టీల్లో (బ్యాండ్లలో) ఆకుపచ్చ పట్టీ విలువలోంచి సమీప పరారుణ పట్టీ విలువ తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించండి. సున్నాకు పైనున్నది చాలావరకు నీరే. నీటికీ నేలకూ మధ్య హద్దు గీత గీసి, అది మీటర్లలో కొలిచే పటపద్ధతి అయిన యూటీఎం 44 ఉత్తర మండలంలో లేకపోతే అందులోకి మార్చండి. అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంచేస్తే దూరాలు మీటర్లలో కాక డిగ్రీల్లో రావచ్చు. ప్రతి 100 మీటర్లకూ ఒడ్డుకు అడ్డంగా గీతలు వేసి, రెండు హద్దుల మధ్య దూరాన్ని 8 ఏళ్లతో భాగించండి.

తప్పు ఎక్కువగా జరిగేది ఆటుపోట్ల దగ్గర. ఉపగ్రహం వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలోనే, కానీ పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఒడ్డు 50 మీటర్లకు 1 మీటరు వాలుగా ఉంటే, నీటిమట్టంలో 1 మీటరు తేడాకే గీత 50 మీటర్లు జరిగిపోతుంది. ఒక్క ఇసుకరేణువూ కోసుకుపోకుండానే మన పటంలో కోత కనిపిస్తుంది! అందుకే నీటిమట్టం దగ్గరదగ్గరగా ఉన్న తేదీలే ఎంచుకోవాలి. కోరింగ దగ్గర మడచెట్ల కింద నీరుంటుంది, పైనుంచి చూస్తే నేలలా ఉంటుంది. అక్కడ చెట్ల అంచును గీయండి, గీసిందేమిటో రాసిపెట్టండి. రొయ్యల చెరువులూ నీరుగానే వస్తాయి, వాటిని చేత్తో తీసేయాలి.

ఒక్కో హద్దులో గడి పరిమాణం మేర, అంటే 10 మీటర్ల పొరపాటు ఉందనుకుంటే, రెంటికీ కలిపి (వర్గాలు కూడి వర్గమూలం తీస్తే) సుమారు 14 మీటర్లు. 8 ఏళ్లకు పంచితే ఏడాదికి దాదాపు 1.8 మీటర్లు. అంతకు తక్కువ వచ్చినచోట కోత ఉందనీ లేదనీ తేల్చి చెప్పకండి.

కారణం అడిగితే పిల్లలు ఒకే మాట అందుకుంటారు. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడం పెద్ద కారణం, నిజమే. నేల కుంగడం, సముద్రమట్టం పెరగడం, ఒడ్డు వెంట ఇసుకను ఈడ్చుకెళ్లే అలలు కూడా లెక్కలోకి రావాలి. ఆ తర్వాత వేటకు వెళ్లే పెద్దలను అడగండి: వలలు ఆరబెట్టుకున్న దిబ్బ ఎక్కడుండేది, పడవ ఎక్కడికి లాగేవారు అని. వారు చూపిన చోటును ఫోన్‌లో గుర్తించి, చిత్రం తేదీ, పోటు వేళతో కలిపి అదే పటం మీద రాయండి. వచ్చే ఏడాది తరగతి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.