లారీ ఆగే చోటు

శ్రోతలకు నమస్కారం.

రాత్రి పది దాటాక విశాఖలో గాజువాక ఆటోనగర్ వైపు వెళ్లి చూడండి. లారీలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒకదానికి పోర్టులో లోడు అందలేదు. ఇంకొకదానికి టైరు మార్చాలి. మరొకటి తిరుగు సరుకు కోసం చూస్తోంది. డ్రైవరు ఇల్లు వదిలి ఎన్ని రోజులైందో క్లీనరుకు కూడా లెక్క తప్పి ఉంటుంది.

హెచ్‌ఐవీ మాట వస్తే మనం రోడ్డును తిడతాం. చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్ల నోట ఇప్పటికీ ఐదో నంబరు, అదే జబ్బును మోసుకొచ్చిందంటాం. నన్నడిగితే అది సగం నిజమే. పరుగెత్తే లారీ ఎవరికీ ఏమీ అంటించదు. అందుకే హెచ్‌ఐవీ నివారణ పనిలో ఉన్నవాళ్లు గీసే పటంలో రహదారి ఒక సన్నని గీత, అంతే. లారీ ఆగే చోట్లే అందులో చుక్కలు.

ఆ చుక్కలు పెట్టడానికి టీ కొట్టాయనను, ఆటో డ్రైవరును, పంక్చర్లు వేసే కుర్రవాణ్ణి అడుగుతారు. ఈ చోటికి ఏ వేళ ఎందరు సెక్స్ వర్కర్లు వస్తారు? తక్కువలో తక్కువ ఎందరు, ఎక్కువలో ఎక్కువ ఎందరు? రెండు అంకెలూ రాసుకుంటారు. ఆ తర్వాత అదే వృత్తిలో ఉన్న మహిళల ముందు కాగితం పెడతారు. సాయంత్రం ఇక్కడ, రాత్రి అక్కడ కనిపించే మనిషి ఒక్కరేనని తేల్చి, రెండోసారి రాసిన అంకెను కొట్టేయించగలిగేది వాళ్లే. లెక్క కుదిరితేనే కండోములు ఎన్ని కావాలో, రక్తపరీక్షల శిబిరం ఏ వేళకు పెట్టాలో తెలుస్తుంది. రాత్రంతా మేలుకున్నవాళ్లకు పగలు పదకొండు గంటలకు శిబిరం పెడితే ఎవరు వస్తారు?

ఇప్పుడు ఫోన్ల పుణ్యమా అని చుక్కలు చెదిరిపోతున్నాయి. దాబా వెనక నిలబడాల్సిన పని లేదు, ఒక్క కాల్ చాలు.

ఇంకో భయం కూడా ఉంది. ఆ కాగితం పోలీసుల చేతికి చేరితే మర్నాటికి ఆ చోటు ఖాళీ అవుతుంది. ఆ మహిళలు ఇంకా చీకటి చోటుకు, పరీక్షలకు ఇంకా దూరంగా వెళ్లిపోతారు. సంచిలో కండోము దొరకడమే నేరానికి సాక్ష్యమైతే దాన్ని ఎవరు దగ్గర ఉంచుకుంటారు? అలా సాక్ష్యంగా చూడకూడదని 2022 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

డ్రైవర్లను నిపుణులు ‘వంతెన’ అంటారు. వంతెనకు ఒక కొస లారీ ఆగే చోటు, రెండో కొస ఇల్లు. చోడవరంలోనో నర్సీపట్నంలోనో ఉండే ఆయన భార్య ఏ పటంలోనూ చుక్క కాదు. తనకు సోకిందని గర్భిణిగా పరీక్ష చేయించుకున్న రోజే తెలుసుకునేవాళ్లు ఉన్నారు. 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఉచితంగా ఇస్తోంది. మన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి, కేజీహెచ్‌లోనూ ఆ మందులిచ్చే కేంద్రం ఉంది. క్రమం తప్పకుండా వాడితే బిడ్డకు సోకే అవకాశం బాగా తగ్గుతుంది. అనుమానం ఉన్నవాళ్లు ఉచితంగా ఫోన్ చేసి అడగడానికి నంబరు 1097.