కుళాయి నీళ్ళకి వాసన రావట్లేదా? అయితే భయపడండి!

పోయిన వీడియోలో "కుళాయి నీళ్ళు క్లోరిన్ వాసన కొడితే సంతోషించండి" అన్నాను. అంతే, విరుచుకుపడ్డారు. "ముందు నువ్వు తాగు ఆ మందు నీళ్ళు" అని ఒకటే తిట్లు. తాగుతున్నాను బాబూ, రోజూ అవే! మళ్ళీ చెప్తున్నా, ఈసారి ఇంకాస్త గట్టిగా. చిన్న ఊళ్ళో కుళాయి తిప్పినప్పుడు ఏ వాసనా రాలేదనుకోండి, నాకు అప్పుడు భయం.

వాకర్టన్ సంగతే తీసుకోండి. కెనడాలో, ఒంటారియోలో చిన్న పట్నం. జనాభా ఐదు వేలు కూడా ఉండదు. 2000 మే నెలలో కుండపోత వాన. పక్క పొలంలో వేసిన పశువుల ఎరువులోంచి ఈ-కోలై బ్యాక్టీరియా లోతు తక్కువున్న ఐదో నంబరు బావిలోకి దిగింది. రైతు తప్పేమీ లేదని విచారణలో తేలింది. ఏడుగురు పోయారు. సుమారు 2,300 మంది మంచాన పడ్డారు. ఊళ్ళో దాదాపు సగం మందండీ!

సరే, బావిలోకి క్రిములొచ్చాయి. వస్తాయి. క్లోరిన్ ఉన్నది అందుకేగా? కలిపాక పదిహేను నిమిషాలకి కూడా నీళ్ళలో లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని అప్పట్లో అక్కడి నియమం. మిగిలిందో లేదో వీళ్ళు రోజూ కొలిచి రిజిస్టర్లో రాయాలి. నీళ్ళ సరఫరా చూసే కోబెల్ అన్నదమ్ములు ఏం చేశారు? కొలవలేదు. రాశారు! 0.5, 0.75... ఏళ్ళ తరబడి అవే అంకెలు, ఇంట్లో కూర్చుని కాపీ రాసినట్టు. పరీక్షకి ఒకచోట నీళ్ళు పట్టి, సీసా మీద ఇంకోచోటి పేరు రాశారు.

డబ్బు తినడానికా? కాదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. క్లోరిన్ రుచి బాగాలేదని జనం గోల. వీళ్ళకీ ఆ రుచి పడదు, బావి దగ్గర మందు కలపని నీళ్ళే తాగేవాళ్ళు. మన నీళ్ళు బంగారం, వీటికి మందెందుకు అనుకున్నారు. అందుకే నేననేది, ఆ ఊరి కొంప ముంచింది రుచి! నాలుక చెప్పిన మాట విన్నారు, మునిగారు.

అన్నట్టు, టీడీఎస్ మీటర్ వీరులకి ఒక మాట. గ్లాసులో పెన్ను ముంచి "చూశారా, అంకె ఎంత తక్కువో" అని చూపిస్తారే, మీకే. అది నీళ్ళలో కరెంటు ఎంత పారుతోందో చూసి, కరిగిన లవణాల లెక్క కడుతుంది. క్రిములు దానికి కనబడవు. ఈ-కోలై ఉన్న గ్లాసులో ముంచినా అలాగే మెరిసే అంకె చూపిస్తుంది.

ఇంకా వినండి. మే 17న ల్యాబు నుంచి ఫ్యాక్స్ వచ్చింది, నీళ్ళు పాడయ్యాయని. రెండు రోజుల తర్వాత ఆరోగ్య శాఖ వాళ్ళు ఫోన్ చేస్తే స్టాన్ కోబెల్ ఏమన్నాడో తెలుసా? నీళ్ళు బాగానే ఉన్నాయట! ఆ ఫ్యాక్స్ అప్పటికే అతని ఆఫీసులో ఉంది. చివరికి ఆ నీళ్ళ ఆఫీసులో పనిచేసే ఒకాయనే పేరు చెప్పకుండా పర్యావరణ శాఖకి ఫోన్ కొట్టాడు. నీళ్ళు కాచుకుని తాగండని ఊరికి చెప్పింది 21న. 2004లో స్టాన్‌కి ఏడాది జైలు, తమ్ముడు ఫ్రాంక్‌కి తొమ్మిది నెలల గృహ నిర్బంధం. ఏడు ప్రాణాలకి!

ఆ బావికి క్లోరిన్ ఎంతుందో నిత్యం కొలిచే మిషన్ ఒకటి తగిలించి ఉంటే ఈ ఘోరమే జరిగేది కాదని విచారణ నివేదికే చెప్పింది. మిషన్‌కి రుచి తెలియదు కదా.

మీ ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గరికెళ్ళి క్లోరిన్ రిజిస్టర్ చూపించమనండి. నెలంతా ఒకటే అంకె ఉందా? ఫోటో తీసి నాకు పంపండి, తర్వాతి వీడియో దాని మీదే.